పరదేశమున నా దగ్గు
(ఒక పూర్వవిద్యార్థి)

మన పాఠశాల సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపుమని ఉపాధ్యాయులు కోరగా, దేనిని గూర్చి వ్రాయుదునా యని కొన్నిదినములు ఆలోచించితిని. విదేశములకు పోయి వచ్చినవారు సాధారణముగా అచ్చటి మేడలను, మంచును, రైళ్ళను వర్ణింతురు. నాకు మాత్రము లివర్పూలు నగర మనగానే మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది నా దగ్గు. అది మూడునెలలకు పైగా నన్ను విడువక బాధించెను. దాని మూలమున నేను నేర్చుకొన్నది అచ్చటి కళాశాలలో నేర్చుకొన్నదానికంటె తక్కువ కాదు. విద్యార్థులకును వారి తలిదండ్రులకును కొంత యుపయోగపడునను నమ్మకముతో ఆ కథనే వ్రాయుచున్నాను.

మాది ఆత్రేయపురము. మా యింట పూతరేకులు చేయుదురు. బోర్లించిన కుండ క్రింద ఎండుకొబ్బరాకు మంట. పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డతో కుండపై ఒక్కసారి పూసినచో రెప్పపాటులో రేకు లేచివచ్చును. మాయమ్మ తెల్లవారినది మొదలు ఆ పొగలోనే కూర్చుండును. 2023వ సంవత్సరమున మా యూరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఊరంతయు సంతోషించెను గాని, ఆ కుండలయొద్ద కూర్చుండు స్త్రీల దగ్గును గూర్చి ఎవ్వరును మాటలాడలేదు. మాయమ్మయు దగ్గుచునే యుండెడిది. అది మా కలవాటైపోయినది.

మా వంశమున మరియొక దగ్గు కూడ కలదు. మా తాతగారి అన్నగారు యౌవనముననే క్షయచే గతించిరి. ఆయనను కొబ్బరితోటలోని పాకలో నుంచి, కంచమును చెంబును వేరుచేసి, అన్నము గడప యొద్ద పెట్టి వచ్చెడివారట. ఇప్పటికిని ఆయన ప్రస్తావన వచ్చినచో మా యింటివారు గొంతు తగ్గించి మాటలాడుదురు. ఈ సంగతి ముందుగా చెప్పుటకు కారణము ముందుముందు తెలియగలదు.

2023 సెప్టెంబరులో నేను పైచదువునకై ఇంగ్లాండు వెళ్ళితిని. ఆరునెలలకు మించి అచ్చట నుండబోవు మనదేశస్థులు వీసాకు ముందు ఎక్స్‌రే తీయించుకొని క్షయ లేదని పత్రము చూపవలెను. నా పత్రము నిర్దోషముగా నుండెను. జనవరిలో దగ్గు మొదలయ్యెను. చలి పడలేదనుకొని, మాయమ్మ కట్టి యిచ్చిన శొంఠి, మిరియాలు, పిప్పళ్ళ పొడిని తేనెతో నాకితిని. పగలు ఎట్లో గడచెడిది. రాత్రి రెండు గంటలగునప్పటికి మాత్రము ఎవ్వరో తట్టి లేపినట్లు మెలకువ వచ్చి, తెరలు తెరలుగా దగ్గు, ఆయాసము, రొమ్ములో పిల్లికూతలు. లేచి కూర్చుండిన గాని ఊపిరి యాడెడిది కాదు.

అచ్చట రాత్రి రెండు గంటలనగా మన యూర ఉదయము ఏడున్నర. మాయమ్మ ఫోను చేయు సమయ మదియే. "నాయనా, యింకా దగ్గుతున్నావేమిరా?" అని యడిగినప్పుడు, "లేదమ్మా, నీళ్ళు త్రాగుచుంటే పొలమారినది" అని బొంకెడివాడను. దగ్గు వచ్చుచున్నట్లు తెలియగానే ఫోనులో నా ధ్వనిని ఆపివేసి, దగ్గి, మరల మాటలాడెడివాడను. మా చెల్లెలికి సంబంధములు చూచుచున్న కాలమది. అన్నకు క్షయయని పుట్టినచో ఆ మాట గోదావరి దాటి ఎంతదూరము పోవునో నాకు తెలియును.

నాతో ఒక యింట మరి ముగ్గురు తెలుగు విద్యార్థులుండిరి. వారిలో నొకడు మాటలాడకయే తన గిన్నెలను వేరు అరలో పెట్టుకొనెను. అతని తప్పేమియు లేదు. ప్రక్కగదిలో రాత్రియంతయు దగ్గు వినువాడు వేరేమి చేయును? కాని ఆ గిన్నెలను చూడగానే కొబ్బరితోటలోని పాక నా కన్నుల గట్టెను. సాయంకాలములందు నేను పనిచేయుచున్న అంగడివారును, దగ్గు తగ్గిన పిమ్మట రమ్మని చెప్పి పంపివేసిరి. ఇంటి అద్దెకు ఆ కూలియే ఆధారము.

ఇంగ్లాండున రోగి తన పేటలోని వైద్యశాలలో ముందుగా పేరు నమోదు చేసికొనవలెను. ఉదయము ఎనిమిది గంటలకు ఫోను పట్టుకొని వరుసలో వేచియుండవలెను. అక్కడినుండి పంపిన గాని పెద్దాసుపత్రికి పోవుటకు వీలులేదు. మూడువారములు దాటిన దగ్గునకు వైద్యుని చూడవలెనని అచ్చటి నియమము. నేను ఆరవవారమున వెళ్ళితిని. మొదటిసారి, ఇది జలుబు వెనుక నిలిచిపోయిన దగ్గు, దానియంతట నదియే పోవునని చెప్పిరి. రెండవసారి ఉబ్బసమేమో యని పీల్చుకొను మందిచ్చిరి. దానివలన పిల్లికూతలు కొంచెము తగ్గెను గాని దగ్గు తగ్గలేదు. ఆ రెండుసార్లును, "మీ యింట నెవ్వరికైనను క్షయ యుండెనా?" అని యడుగగా, లేదని చెప్పితిని. వైద్యునియొద్దను వకీలునొద్దను దాచరాదని మన పెద్దలు చెప్పిన మాట నేను చిన్ననాటినుండి వినియున్నదే. వినుట వేరు, చేయుట వేరు.

మూడవసారి నన్ను చూచినది వయసు మీరిన యొక వైద్యురాలు. ఆమె నా రొమ్మును పరీక్షించిన పిమ్మట, "నీవు పెరిగిన యూరెట్టిది?" అని యడిగెను. అంతవరకు నే నెచ్చట నివసించుచుంటినో అడిగినవారే గాని ఎచ్చట పెరిగితినో అడిగినవారు లేరు. నేను గోదావరిని, కాలువలను, వరిచేలను, మురుగుకోడులను, దోమలను వర్ణించితిని. ఆమె శ్రద్ధతో వినుచుండగా నాకు ధైర్యము కలిగి, మా తాతగారి అన్నగారి సంగతియు చెప్పివేసితిని. ఆమె ముఖమున భయము గాని అసహ్యము గాని కనబడలేదు. "మంచిపని చేసితివి. ఒకవేళ క్షయయే యైనను ఆరునెలల మందుతో నయమగును, అందుకు నీ యొద్ద రొక్కము తీసికొనరు" అని పలికి, ఎక్స్‌రేకును రక్తపరీక్షకును వ్రాసి యిచ్చెను.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల క్రిందిభాగమున సన్నని చుక్కలు కనబడెను. మూడు దినములు వరుసగా కఫము పరీక్షించిరి. ఆ ఫలితముకొరకు వేచియున్న దినములను నేను జన్మమున మరువను. ఇంటికి ఫోను చేయుట మానివేసి, చదువు హెచ్చుగా నున్నదని సందేశము పంపితిని. తుదకు కఫమున క్షయక్రిమి లేదని తేలెను. కాని రక్తములో ఇసినోఫిల్లు అను తెల్లకణములు, ఘనపు మిల్లీమీటరునకు అయిదువందలకు మించరానివి, ఆరువేలకు పైగా నుండెను. వెంటనే నన్ను ఉష్ణదేశ వ్యాధుల నిపుణులయొద్దకు పంపిరి. లివర్పూలులో 1898లో స్థాపింపబడిన ఉష్ణదేశ వైద్యవిద్యాలయము కలదు. సికిందరాబాదున 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డు రాసు పిమ్మట బోధించిన దచ్చటనే.

నిపుణుడు నా వ్యాధి పేరు ఉష్ణదేశపు ఇసినోఫిలియా యని చెప్పెను. దాని మూలము మన గోదావరి సీమవారు చిరకాలముగా నెరిగిన బోదకాలు పురుగే. మురుగునీట పుట్టు క్యూలెక్సు దోమ ఆ పురుగును ఒకరినుండి మరియొకరికి మోయును. పురుగు లోన జేరిన యందరికిని కాలు వాయదు. అనేకులకు ఏ బాధయు తెలియదు. కొందరి శరీరము మాత్రము ఆ పురుగుపిల్లలపై మితిమీరిన పోరు సలుపును. అవి ఊపిరితిత్తులలో చిక్కుకొనును. అందుచే రక్తమున కనబడవు గాని ఊపిరిగొట్టములు వాచి రాత్రులందు దగ్గును ఆయాసమును కలిగించును. ఇది స్త్రీలకంటె పురుషులకు హెచ్చు. ఉబ్బసమనియో క్షయయనియో భ్రమపడి ఏండ్లకొలది ఉపేక్షించినచో ఊపిరితిత్తులు గట్టిపడి మరల బాగుపడనేరవు. నేను దాచిన ప్రతివారమును ఆ దారిని వేసిన యడుగే.

మందు డైఇథైల్‌కార్బమజైన్. శరీరభారమున కిలో ఒకటికి దినమునకు 6 మిల్లీగ్రాముల చొప్పున మూడువారములు. ఈయబోవుటకు ముందు, "ఆఫ్రికాఖండమునకు ఎన్నడైన పోయితివా?" అని నిపుణుడు రెండుసార్లు అడిగెను. అచ్చటి మరికొన్ని పురుగులు దేహమున నున్నవారికి ఈ మందు అపాయకరమట. మరియు ఈ మందు ఆ దేశమున సామాన్యముగా అంగళ్ళలో దొరకదు, ప్రత్యేకముగా తెప్పింపవలెను. అందులకు కొన్నిదినములు పట్టెను. తుదకు వచ్చిన మాత్రను అరచేత బెట్టుకొని చూచినప్పుడు నేను సిగ్గుతో తలవంచుకొంటిని. ఏలయనగా, ఆ మాత్ర నాకు క్రొత్తది కాదు.

2004 మొదలు మనదేశమున బోదకాలు గల జిల్లాలలో ఏటికొకసారి ఈ మందునే ఉచితముగా పంచసాగిరి. నేను బడిలో చదువుచున్న దినములలో మాకును ఇచ్చెడివారు, ఎదుటనే మ్రింగుమనెడివారు. నేను నాలుకక్రింద దాచి గోడవెనుక ఉమిసివచ్చెడివాడను. తల తిరుగునని ఎవ్వరో చెప్పిరి. అదియొక వీరకృత్యముగా స్నేహితులతో చెప్పుకొంటిని. నాడు మ్రింగియున్నచో ఈ వ్యాధి నాకు రాకయే యుండునని ఎవ్వరును రూఢిగా చెప్పజాలరు. కాని మన యూర ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చేత బెట్టిన దానిని ఉమిసిన వాడను, సముద్రములు దాటి దానికొరకే దినములు లెక్కించితిని గదా!

మందు మొదలిడిన రెండుదినములు ఒళ్ళు వెచ్చబడెను. అయిదవరాత్రి కన్ను తెరచిచూడ తెల్లవారియుండెను. రెండుగంటలకు నన్ను లేపువాడు రాలేదు. ఆ యుదయము నేనే ఇంటికి ఫోను చేసి, మొదటినుండి తుదివరకు జరిగినదంతయు చెప్పితిని. మాయమ్మ చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "నీ దగ్గు నేను వింటూనే ఉన్నానురా. ఆపి మాట్లాడితే మాత్రం తల్లికి తెలియదా?" అని యనెను.

కోలుకొనుచున్న దినములలో నేను ఈ వ్యాధి చరిత్రను చదివితిని. అందు నాకు రెండు ఆశ్చర్యములు కలిగెను. క్షయవలె కనబడుచు, క్షయ కాక, ఇసినోఫిల్లులతో గూడిన ఈ వ్యాధిని మొదట వివరించి ప్రకటించినవారిలో మన మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు వైద్యు లుండిరి. అది పలుమిషనులు కలసి ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున నెలకొల్పిన క్షయ చికిత్సాలయము. దాని యధిపతియగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరును డాక్టరు బార్టనును 1940లో ఆ వ్యాసము ప్రకటించిరి. క్షయరోగులకొరకు కట్టిన చోట, క్షయ కాని రోగిని వేరుచేసి గుర్తించుట సామాన్యమైన పని కాదు. 1943లో వైన్‌గార్టెను అను వైద్యుడు దీనికి ఉష్ణదేశపు ఇసినోఫిలియా యని పేరిడి, పాషాణము కలిసిన మందులతో చికిత్స చేసెను. నాటి రోగులు ఆ విషపుమందులను భరింపవలసివచ్చెను.

రెండవది యింకను దగ్గరిది. నన్ను బ్రతికించిన మందును 1947లో లోకమునకు వెల్లడించిన అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున పరిశోధనల నడపినవారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో జన్మించినది భీమవరమున. మాకు వసిష్ఠ దాటిన ఆవలిసీమయే. సోదరు లిద్దరు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధిచే మరణింపగా చూచినవాడు. అమెరికా వెళ్ళి మరల స్వదేశమునకు రాకయే 1948లో గతించెను. గోదావరి తీరపు పురుగు, గోదావరి తీరపువాడు పాలుపంచుకొన్న మందు, రెండును నాకు పరదేశముననే ఎదురైనవి.

2025లో నేను సెలవుమీద ఇంటికి వచ్చితిని. తెల్లవారుజామున కుండయొద్దనుండి మాయమ్మ దగ్గు వినబడెను. నేను లేచిపోయి, "ఎన్నాళ్ళనుండి అమ్మా?" అని యడిగితిని. "పొయ్యిపొగలేరా" అనెను. మనదేశమున రెండువారములు దాటిన దగ్గునకు కఫము పరీక్షింపించుకొనవలెనని ప్రభుత్వమువారు చాటుచున్నారు. ఆమె దగ్గునకు ఏండ్లు దాటినవి. రాజమహేంద్రవరము తీసికొనిపోయి పరీక్షింపించితిని. క్షయ లేదని, పొగవలన ఊపిరిగొట్టములు చెడినవని, ఇకనైన పొగ తగ్గింపకున్నచో ఆయాసము ముదురునని వైద్యులు చెప్పిరి. పొయ్యిపాకకు ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించి, మంటకు గొట్టము కట్టించితిమి. ఇప్పుడు పూట కొకరుగా మాయమ్మయు పినతల్లియు కూర్చుండుచున్నారు. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గినది.

ప్రియమైన విద్యార్థులారా, నేను కోరునది స్వల్పము. మందులు పంచువారు వచ్చినప్పుడు గోడవెనుకకు పోకుడు. మీ యింట నెవ్వరైన రెండువారములు దాటి దగ్గుచున్నచో, ఎన్నాళ్ళనుండి యని మీరే యడుగుడు. పరదేశము పోయినచో మీ యూరెట్టిదో, మీ యింట నెవ్వరికేమి వచ్చెనో వైద్యునికి దాపరికము లేక చెప్పుడు. తలిదండ్రులారా, క్షయ యను మాట వినగానే గొంతు తగ్గింపకుడు. మా తాతగారి అన్నగారిని పాకలో నుంచినవారు కఠినులు కారు. నాడు మందు లేదు. నేడు కలదు. మందున్న కాలమునను నన్ను దాచునట్లు చేసినది ఆ పాకయే.

లివర్పూలు మరల బయలుదేరునప్పుడు మాయమ్మ రెండు పెట్టెల పూతరేకులు కట్టి, ఒకటి ఆ వైద్యురాలికి ఇమ్మనెను. ఇచ్చితిని. ఆమె ఒకటి నోట వేసికొని, ఇది ఎట్లు చేయుదురని యడిగెను. కుండ సంగతి, మంట సంగతి చెప్పుచుండగా నడుమ నన్నాపి, "చేయువారికి దగ్గు రాదా?" అని యడిగెను.