వీణ కొను తల్లిదండ్రులకు ఒక మాట

నూజివీడు అనగానే మనకు మామిడి గుర్తుకు వచ్చును. నేడు ఏలూరు జిల్లాలో ఉన్న ఆ ఊరు వీణలకును పేరుపొందినది. అయితే వీణకు వాడునది మామిడి కర్ర కాదు, పనస కర్ర. అది తేలికగా ఉండియు గట్టిగా నిలుచును, నాదమును చక్కగా పలికించును, చెద త్వరగా పట్టదు.

మా సంఘములో కౌలుసేద్యము చేయు సహోదరుడొకరు, విజయవాడలో సంగీతము నేర్చుచున్న కుమార్తె కొరకు పాడిగేదెను అమ్మి నగిషీల వీణ కొనదలచి మా సలహా అడిగిరి. తెలిసినవారిని విచారించి మేము చెప్పినది ఇది.

వీణకు తీగలు 7. వాయించునవి 4, తాళమునకు 3. తెగినచో మార్చుకొనవచ్చును. లోహపు మెట్లు 24. వాటిని మైనములో నిలుపుదురు. మన ఎండలకు మైనము మెత్తబడి మెట్టు కదిలినచో, మేళము మరల కట్టించుకొనవచ్చును. కాని ఆరని కర్రతో చేసిన దండి తరువాత వంగినయెడల, తీగకును మెట్టుకును మధ్య ఎడము మారి స్వరము తప్పును. దానిని సరిచేయుట బహు కష్టము. ఒకే దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ శ్రేష్ఠమే గాని వెల ఎక్కువ. అతుకు గట్టిగానున్న వీణయు నేర్చుకొను బిడ్డకు చాలును.

కాబట్టి ప్రియమైన తల్లిదండ్రులారా, కర్ర ఎంతకాలము ఆరినదో అడుగుడి. పగుళ్లు ఉన్నవేమో చూడుడి. వాయించుట తెలిసినవారిచేత ప్రతి మెట్టును పలికించుడి. నగిషీకి పెట్టు డబ్బు కర్రకు పెట్టుడి. దాని కొరకు ఇంట పాలిచ్చు పశువును అమ్ముకొనకుడి.