ఫ్లెక్సీ కట్టని సెంటరు

సెప్టెంబరు 3, 2025. బందరు

మొన్న ఒకటో తారీఖు సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ఫోన్లు. సర్వీసులో ఉన్న టీచర్లూ ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అదే టెట్, పాసవ్వాల్సిందేనట. రిటైర్మెంటుకి అయిదేళ్ల కన్నా ఎక్కువ ఉన్నవాళ్లకి రెండేళ్ల గడువు. అంతకు లోపున్నవాళ్లు ఉద్యోగంలో ఉండొచ్చు గానీ టెట్ లేకుండా ప్రమోషన్ రాదు. 2010 ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) టెట్ నిబంధన తెచ్చేనాటికే వీళ్లలో చాలామంది బడిలో పాఠాలు చెబుతున్నారు. పొద్దున ఒక మేడమ్ ఫోన్ చేసి, "మీ దగ్గరికి మా వయసువాళ్లు ఎవరైనా వస్తున్నారా సార్?" అని అడిగారు. ఫీజు సంగతి అడగనేలేదు.

సెప్టెంబరు 7

టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ కోచింగంటే ఈ జిల్లాలో అవనిగడ్డే. ఎక్కడెక్కడి జిల్లాల వాళ్లూ వచ్చి అక్కడ గదులు అద్దెకు తీసుకుని మరీ చదువుతారు. గంట దూరంలో అంత పేరున్న ఊరు ఉండగా, కోనేరు సెంటర్ దగ్గర సందులో, మేడ మీద రెండు గదుల్లో లెక్కలు చెప్పేవాడి మెట్లు ఎవరెక్కుతారు?

నేను రాసిన కాగితం చదివినవాళ్లు ఎక్కుతారు. రోజూ రాత్రి ఒకే ఒక బిట్టు తీసుకుంటాను. కరెక్టు జవాబుకి రెండు లైన్లు చాలు. మిగతా పేజీ అంతా తప్పు ఆప్షన్ల గురించే. మూడోది ఎందుకు కాదు, అయినా సగం మంది దాన్నే ఎందుకు పెడతారు, పేపరు సెట్ చేసినవాడు ఎక్కడ కాలు అడ్డం పెట్టాడు... ఇవన్నీ చేత్తోనే రాసి, ఫొటో తీసి గ్రూపులో పెడతాను. కింద జిరాక్స్ షాపు గోడకి ఒక కాపీ. ఫీజు కట్టినవాళ్లకీ కట్టనివాళ్లకీ అదే కాగితం.

డెమో క్లాసులో ఎవరైనా బాగానే చెబుతారు. అది అరగంట నాటకం. రోజూ రాసేవాడి సరుకు మాత్రం వారం తిరిగేసరికి జనానికి తెలిసిపోతుంది.

సెప్టెంబరు 16

మెగా డీఎస్సీ తుది జాబితా వచ్చేసింది. 16,347 పోస్టుల నోటిఫికేషన్, మనవాళ్ల పేర్లూ ఉన్నాయి. సాయంత్రానికల్లా ఫ్లెక్సీ కుర్రాడు దిగాడు. "సార్, ఫొటోలు ఇవ్వండి, రాత్రికి రాత్రే కట్టేస్తాం." వద్దన్నాను. ఒకే అమ్మాయి నవ్వు మూడు సెంటర్ల ఫ్లెక్సీల మీద చూసే ఊళ్లో నాలుగోది ఎవరు నమ్ముతారు? పైగా నిరుడు నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. సెలెక్టయిన తర్వాత, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పేరూ ఫొటోలూ వాడాలి. ఏ కోర్సు చదివారో కూడా చెప్పాలి. టెస్ట్ సిరీస్ ఒక్కటే రాసిన పిల్లని "మా విద్యార్థిని" అనడం కుదరదన్నమాట.

ఫొటోల బదులు సెలెక్టయినవాళ్లని ఒకటే అడిగాను. తాము చదివిన తీరు ఒక పేజీ రాసి ఇమ్మన్నాను. ఏం వదిలేశారో, ఏ పుస్తకం దండగో అది కూడా. ఒకబ్బాయి నా మెటీరియల్లోనే రెండు చాప్టర్లు అనవసరం అని రాశాడు. అదీ గోడకెక్కింది.

సెప్టెంబరు 28

నిన్న రాత్రి బిట్టు మెథడాలజీలోది. పిల్లాడు 0.2 కన్నా 0.19 పెద్దది అంటున్నాడు, కారణం ఏమిటి? రెండు కన్నా పందొమ్మిది పెద్దది కదా, పూర్ణాంకాల అలవాటునే దశాంశాలకీ వాడేశాడు అని రాసి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే గ్రూపు నిండా మెసేజీలు. ఈ నెల్లోనే చేరిన ఒక ప్రైమరీ స్కూల్ మేడమ్ వాయిస్ పెట్టారు: "మా బళ్లో ఏటా ఇదే గోల సార్. సున్నా పాయింట్ రెండు రూపాయలంటే ఎన్ని పైసలురా అని అడుగుతాను. ఇరవై అంటాడు. మరి సున్నా పాయింట్ ఒకటి తొమ్మిదో? పందొమ్మిది. ఇంక వాడే నాలిక కరుచుకుంటాడు." దాని కింద డీఎస్సీ కుర్రాడొకడు, "మేడమ్, ఇప్పటి పిల్లలు పైసలు చూడలేదు కదా, స్కేలు మీద సెంటీమీటర్లూ మిల్లీమీటర్లూ చూపిస్తే?" అన్నాడు. దాని మీద గంట చర్చ. నేను మధ్యలో దూరలేదు.

ఆ కుర్రాడికి బిట్లు కంఠతా వచ్చు, బడి తెలీదు. మేడమ్‌కి బడి తెలుసు, ఓఎంఆర్ పోయి కంప్యూటర్ పరీక్ష వచ్చిందంటేనే కంగారు. ఇద్దరూ ఒకరికొకరు అక్కరకొస్తున్నారు. నా పాఠం కన్నా ఈ ఇచ్చిపుచ్చుకోవడాల కోసం వచ్చేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. వాళ్లూ ఫీజు కడుతున్నారు, నాకేం బాధ లేదు.

అక్టోబరు 5

గ్రూపు రూల్స్ మళ్లీ పెట్టాను. డౌట్లు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే. నోటిఫికేషన్ వార్త పెడితే శాఖ వెబ్‌సైటు లింకు ఉండాలి, "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" చెల్లదు. వేరే సెంటర్లు డబ్బులకి అమ్మే మెటీరియల్ పీడీఎఫ్ పెడితే తీసేస్తాను. గుడ్ మార్నింగ్ పువ్వులు నిషేధం. ఈ ఆఖరిదానికే ఎక్కువమంది నొచ్చుకున్నారు.

అక్టోబరు 19

పక్క జిల్లాలో సెంటరు నడిపే పాత మిత్రుడు వచ్చాడు. "అన్నీ ఊరికే రాసి పారేస్తే ఇంక ఫీజు ఎవడు కడతాడ్రా?" అన్నాడు. వాడి చేతికి ఒక విద్యార్థి రఫ్ పేపరు ఇచ్చాను. భాగహారంలో ఎక్కడ సున్నా మింగేశాడో, అదే పొరపాటు మూడు టెస్టుల్లో ఎలా తిరిగొచ్చిందో ఎర్ర ఇంకుతో గుర్తులు. గోడమీది కాగితం అందరికీ. ఈ ఎర్ర ఇంకు ఫీజు కట్టినవాడికి. మిత్రుడు చాలాసేపు పేపరు తిప్పి తిప్పి చూసి, "ఇంత ఓపిక నా వల్ల కాదు" అన్నాడు. కావాలన్నా అందరి వల్లా కాదు, అందుకే దానికి డబ్బు.

అక్టోబరు 29

మొంథా తుపాను రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిందట. కరెంటు లేదు, క్లాసు లేదు. గ్రూపులో బిట్టు బదులు ఎక్కడ చెట్టు పడిందో, ఏ రోడ్డు మీద నీళ్లున్నాయో పెట్టుకుంటున్నారు. ఒకమ్మాయి ఇంట్లోకి నీళ్లొస్తే ఇంకో అమ్మాయి వాళ్లింటికి వెళ్లిందట. ఆగస్టు దాకా ఇద్దరికీ ముఖపరిచయం లేదు.

నవంబరు 9

ఒకే గదిలో రెండు రకాల అవసరాలు. టెట్ 150 మార్కులు. ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ ఎస్టీలకి 60 వస్తే పాస్. సర్వీసు టీచర్లకి అంతే చాలు. కానీ డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి కుర్రకారుకి 120 వచ్చినా ఆకలే. ఇద్దరికీ ఒకే వేగంతో చెబితే ఒకరు నిద్రపోతారు, ఇంకొకరు బెంబేలెత్తుతారు. ఈ వారం నుంచి సర్వీసువాళ్లకి బడి వదిలాక సాయంత్రం బ్యాచ్ విడిగా. ఆదివారం పొద్దున మాత్రం అందరూ కలిసి, నలుగురేసి కూర్చుని టెస్టు పేపరు దిద్దుకుంటారు. అప్పుడు నేను టీ తాగడానికి కిందికి వెళతాను, కావాలనే.

నవంబరు 30

పై అంతస్తు కూడా తీసుకో, బ్యాచ్‌కి వందమందిని పెట్టు అంటున్నారు ఇంటి ఓనరు గారు. అద్దె మీద ఆయన ప్రేమ అర్థమయింది. వందమంది రఫ్ పేపర్లు నేను దిద్దలేను, దిద్దడానికి మనిషిని పెడితే వచ్చేవాళ్లు నా కోసం రారు. నలభై దగ్గరే ఆగుతాను. మిగిలినవాళ్లకి గోడ ఉంది.

డిసెంబరు 7

టెట్ పదో తారీఖు నుంచి. ఈ రాత్రికి బిట్టు లేదు, పడుకోండి అని గ్రూపులో పెట్టాను.

జనవరి బ్యాచ్ కోసం అడుగుతున్నవాళ్లకి ఒక మాట. డెమో క్లాసు ఉండదు. జిరాక్స్ షాపు గోడ దగ్గర నిలబడి కాగితాలు ఓ పది చదవండి, అక్కడే ఉన్న మా పాత విద్యార్థుల పేజీలూ చదవండి. నేను చెప్పే పద్ధతి నచ్చితేనే ఫీజు తీసుకుని పైకి రండి.