నాయన అంబాసిడర్‌కు టర్బో అవసరమా?

మా ఇంటి బండి 1.5 లీటర్ల డీజిల్ అంబాసిడర్. తాత కొన్నాడు, నాయన నడిపినాడు, ఇప్పుడు మా అందరిదీ. బేతమంగళ నుంచి వీకోట, పలమనేరు, మొగిలి ఘాట్ మీదుగా చిత్తూరుకు, ఆపైన తిరుపతికి, పెళ్లిళ్లకూ మొక్కులకూ మమ్మల్ని మోసింది ఇదే. కన్నడ సీమలో కాపురమున్న మాకు ఆ పక్క బంధుత్వాలు ఇంకా నిలిచినాయంటే అందులో ఈ బండికీ పాలుంది.

కానీ రానురాను ఐదుగురం కూర్చుంటే ఘాట్‌లో రెండో గేరు దాటడం మానేసింది. బెంగుళూరులో పనిచేసే మా చిన్నోడు ఒక పాత టర్బోచార్జర్ సంపాదించుకొచ్చి, బిగించేద్దామన్నాడు. నాయన ఒకటే మాటన్నాడు: "ముసలి ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే పరిగెత్తుతాదిరా. ఎన్ని దినాలు బతుకుతాది?"

ఇంట్లో వారం రోజులు ఇదే వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉండేది.

చిన్నోడిది గాలి లెక్క. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి తీరప్రాంతం కంటే ఏడెనిమిది శాతం పలచన. గాలి తగ్గితే కాలే డీజిల్ తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. టర్బో చేసే పని ఈ లోటు తీర్చడమే. సైలెన్సర్‌లోకి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. గాలిని నొక్కి పనిచేయించడం మా సీమకూ కొత్త కాదు. కేజీఎఫ్ గనుల్లో రాయి తొలిచే డ్రిల్లులు నొక్కిన గాలితోనే ఆడేవి. గనులు 2001లో మూతబడినా, పక్కనే బెమెల్‌లో తయారయ్యే బుల్‌డోజర్లకు టర్బో ఇంజిన్లే.

అయితే ఆ ఇంజిన్లను టర్బో కోసమే గీసి, పోతపోసినారు. మాది అట్లాంటిది కాదు. రాబర్ట్‌సన్‌పేటలో మా బండి చూసే మెకానిక్ అన్న ఇంట్లో అరవం మాట్లాడినా, మాతో తెలుగే. ఆయన ఒక్కొక్కటే విడమరిచి చెప్పినాడు.

ఈ ఇంజిన్ గాలిని ముందే 23 వంతుల నుంచి ఒక వంతుకు కుదిస్తుంది. అంత కుదింపు మీద ఇంకా గాలి తోస్తే ఒత్తిడంతా పిస్టన్ల మీద, హెడ్ గాస్కెట్ మీద పడుతుంది. క్రాంక్‌ను మోసేది మూడే మెయిన్ బేరింగులు. పోనీ, గాలి కొంచెమే తోస్తామంటే, ఒట్టి గాలితో బలం రాదు, దానికి తగ్గ డీజిల్ కూడా పోవాలి. పాత పంపుకు టర్బో ఒత్తిడి తెలిసే ఏర్పాటు లేదు. డీజిల్ ఎక్కువ పెడితే టర్బో ఊపందుకోకముందు నల్లపొగ, ఘాట్‌లో ఎక్కువసేపు తొక్కితే పిస్టన్లు కరిగేంత వేడి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, పలచని ఆయిల్ పొర మీదే నిలుస్తుంది. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి బాగా లేకపోతే ముందు పోయేది అదే.

పెద్ద కంపెనీలకూ ఈ చిక్కు తప్పలేదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో కార్లలో ఒకటి. కుదింపు ఎక్కువగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ కాబట్టి, దానికి నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోస్తూ ఉండాలి. చాలామంది పోయలేదు. చివరికి ఎన్నో కార్లకు టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ పెట్టినారు.

"టర్బో మాట ఆమీద. ముందు ఇంజిన్‌లో ఏం మిగిలిందో చూస్తాము" అని అన్న కంప్రెషన్ గేజ్ బిగించినాడు. మూడో సిలిండర్ మిగతా మూడిటికంటే బాగా తక్కువ చూపింది. వేడెక్కినాక ఆయిల్ ఒత్తిడీ పడిపోతా ఉండాది. అంటే తాత కాలంలో ఉన్న బలమే ఇప్పుడు లేదు. లేని బలం మీద టర్బో ఏం నిలుస్తుంది?

చిన్నోడు ఆ గేజ్‌ను చాలాసేపు చూసినాడు. తర్వాత తనే అన్నాడు, "బోర్ చేయిద్దాము నాయనా."

బోర్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించినాము. బేరింగులు మార్చి, వాల్వులు గ్రైండ్ చేయించి, నాజిళ్లు, పంపు సరిచేయించినాము. బండి నెమ్మదిగానే పోతుంది గానీ, రెండో గేరుతో ఏడ్చే ఏటవాళ్లను ఇప్పుడు మూడో గేరులో ఎక్కుతోంది.

మీ ఇళ్లల్లోనూ ఇట్లాంటి బండి ఉంటే ముందు కంప్రెషన్, ఆయిల్ ఒత్తిడి చూపించండి. ఇంజిన్ నిజంగా గట్టిగా ఉండి, ఇంకా టర్బో కావాలనిపిస్తే ముందే ఆర్‌టీఓలో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు.

టర్బో మా అటక మీదుంది. అమ్మేద్దామని చిన్నోడంటే, ఉండనీలే అన్నాడు నాయన.