కార్డు గీకితే కడప బెర్తు!

కర్నూలు సిటీ స్టేషన్. రాత్రి పదకొండు దాటింది. ప్లాట్‌ఫారం మీద బెంచీలన్నీ నిండిపోయి, మిగిలినవాళ్లు దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. అందరి చూపూ గద్వాల వైపే. కాచిగూడ నుంచి వచ్చే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కోసం! తిరుపతి మీదుగా చిత్తూరు పోయే బండి అది. ఎక్కేవాళ్లలో సగం మంది కొండకే. మిగతావాళ్లు తాడిపత్రిలోనో, ఎర్రగుంట్లలోనో, కడపలోనో దిగిపోతారు. అలా కడపలో దిగాల్సిన ఓ పెద్దావిడ ఓళిగల డబ్బాను సంచిలో అడుగుకు సర్ది, పైన వేయించిన బుడ్డల పొట్లం పెట్టి, పక్కనున్న కొడుకుని అడిగింది.

‘టిక్కెట్టుకు ఎంతాయ నాయనా?’

‘పైసా గూడ కాలేదుమా. పాయింట్లతో తీసినా.’

‘పాయింట్లంటే?’

‘పాత చీరలిస్తే స్టీలు గిన్నె ఇస్తాండ్రి గదా, మన వీధిలోకొచ్చి... అట్లాంటిదే అనుకో.’

లాయల్టీ పాయింట్ల గురించి ఏ బ్యాంకూ ఇంత తేలిగ్గా చెప్పి ఉండదు. ఇంట్లో ఎలాగూ అయ్యే ఖర్చులు... బియ్యం, బట్టలు, కరెంటు బిల్లు కార్డుతో కడితే మూలన కొన్ని పాయింట్లు పోగవుతాయి. అవి పోగయ్యాక ఓ గిన్నె. ఇక్కడ గిన్నె అంటే స్లీపర్ బెర్తు. ఒక్కటే తేడా. స్టీలు సామాన్లవాడితో బేరమాడొచ్చు. ‘ఆరు చీరలకు ఇంత చిన్న గిన్నెనా’ అని గదమాయిస్తే మూతైనా కలిపిస్తాడు. కార్డు కంపెనీ దగ్గర ఆ పప్పులుడకవు. గిన్నె సైజు వాళ్లదే!

ఇంటర్నెట్‌లో రైలు టిక్కెట్లమ్మడం ఐఆర్‌సీటీసీ 2002లో మొదలుపెట్టింది. అప్పట్లో కంప్యూటర్లో బుక్ చేస్తే టిక్కెట్టు కొరియర్లో ఇంటికొచ్చేది. 2005లో ఇ-టిక్కెట్టు వచ్చాక కాగితం ముక్కమీద ప్రింటు తీసుకుంటే చాలన్నారు. ఇప్పుడైతే ఫోన్లో చూపిస్తే సరి. ఆ దారిలోనే స్టేట్ బ్యాంకుతో కలిసి రైలు క్రెడిట్ కార్డు వచ్చింది. 2020లో దానికి రూపే రకం తోడైంది. ఆ తర్వాత బ్యాంక్ ఆఫ్ బరోడా, హెచ్‌డీఎఫ్‌సీ లాంటి బ్యాంకులూ రైలు కార్డులు తెచ్చాయి. కార్డును ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఒకసారి జతచేసుకుంటే, పోగైన పాయింట్లతో టిక్కెట్టు తీసుకోవచ్చు. ఒక పాయింటుకు ఒక రూపాయి.

వినడానికి బాగానే ఉంది. మరి గిన్నె ఎన్ని చీరలకొస్తుంది?

స్టేట్ బ్యాంకు రైలు కార్డు ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన లెక్క చూడండి. పెట్రోలు కాకుండా మామూలు కొనుగోళ్లకు 125 రూపాయలకు ఒక పాయింటు. కర్నూలు నుంచి కడపకు స్లీపర్ టిక్కెట్టు సుమారు 200 రూపాయలనుకుందాం. దానికి 200 పాయింట్లు కావాలి. అంటే పాతికవేల రూపాయల సరుకు కొనాలి. చిన్న కుటుంబానికి రెండు మూడు నెలల ఇంటిఖర్చు. అదే కార్డుతో ఏసీ టిక్కెట్లు కొనేవాళ్లకు మాత్రం లెక్క వేరు. ఛార్జీలో నూటికి పది దాకా పాయింట్లుగా వెనక్కి వస్తాయి. రెండువేల ఛార్జీకే 200 పాయింట్లు! ఆ జాబితాలో ఏసీ ఫస్టు, సెకండు, థర్డు ఉన్నాయి. చెయిర్‌కార్, ఎగ్జిక్యూటివ్ చెయిర్‌కార్ ఉన్నాయి. స్లీపర్ లేదు.

అదీ సంగతి. స్లీపర్లో తిరిగేవాళ్లకు పాయింట్లు చుక్కలు చుక్కలుగా పడతాయి, ఏసీలో తిరిగేవాళ్లకు ధారగా పడతాయి. కాబట్టి సీమ ఇళ్లలో ఈ పాయింట్లు ఎక్కువగా పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు ఆఫీసు పనిమీద ఏసీలో తిరిగి సంపాదిస్తారు. ఇంటి దగ్గర అమ్మానాన్నల స్లీపర్ టిక్కెట్టుకు వాటిని ఖర్చు పెడతారు. పెద్దావిడ కొడుకు చేసిందీ అదే. ఎవరి పేరుమీద తీయొచ్చన్న నిబంధన మాత్రం కార్డు కార్డుకూ మారుతుంది గనుక, ముందే ఒకసారి చదువుకోవడం మంచిది.

పెద్దవాళ్ల టిక్కెట్టుకు ఇంతగా లెక్కలేయడానికి ఇంకో కారణముంది. 2020 మార్చి దాకా 58 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ఛార్జీలో సగం, 60 దాటిన మగవాళ్లకు 40 శాతం రాయితీ ఉండేది. కరోనా వచ్చినప్పుడు తీసేశారు. కరోనా పోయింది గానీ రాయితీ తిరిగి రాలేదు. 45 దాటిన ఆడవాళ్లకు, ఖాళీ ఉంటే, కింది బెర్తు ఇచ్చే పద్ధతి మాత్రం మిగిలింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే పదివేలు!

అన్నట్టు, బస్సుండగా ఈ రైలెందుకు? నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా రోడ్డుదారి రెండొందల కిలోమీటర్ల చిల్లర. తిన్నగా పోతుంది. రైలుదారి అంతకంటే బాగా ఎక్కువ. కర్నూలు నుంచి డోన్‌కు... పాతవాళ్ల మాటలో ద్రోణాచలానికి దిగి, పెండేకల్లు మీదుగా పడమరకు జరిగి గుత్తి చేరి, అక్కడ్నుంచి మళ్లీ తూర్పుకు తిరుగుతుంది. ఎందుకీ వంకర? రెండు ఊళ్లకూ రైలు వేసినవాళ్లు వేరు. కడప మీదుగా పోయేది మద్రాసు-బొంబాయి పెద్ద లైను. 1871లోనే రాయచూరు దగ్గర రెండు వైపులా పట్టాలు కలిశాయి. కర్నూలుది నిజాం రైల్వే వేసిన మీటరు గేజి. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు కూడా కర్నూలుకు వచ్చింది ఆ చిన్న బండే. పెద్ద లైనుగా మారింది 1990ల్లో. ఇక నంద్యాల నుంచి కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకు వేసిన లైను 2016లో గానీ పూర్తికాలేదు.

వంకరదారైనా రైల్లో నడుం వాల్చొచ్చు. బస్సులో కాళ్లు వేలాడేసి కూర్చుంటే తెల్లారేసరికి పాదాలు బూరెల్లా పొంగుతాయి.

బండి వచ్చింది. స్లీపర్ పెట్టెలో ఎనిమిదేసి మంది చొప్పున గదులు. మధ్య బెర్తు లేపేశాక గొలుసుల చప్పుడు. ఎదురు బెర్తులో గుండు చేయించుకోవడానికి తీసుకెళుతున్న చంటోడు నిద్రపోనని ఏడుపు. పెద్దావిడ నాలుగు బుడ్డలు వాడి అరచేతిలో పోసింది. ఏడుపు ఆగింది. కిటికీలోంచి చూస్తే బయటంతా చీకటి. డోన్ దాటాక అప్పుడప్పుడూ ఓ గుట్ట నీడ, దూరంగా బోరు దగ్గర ఒంటరి దీపం. గుత్తిలో కోట కొండ ఉందని తెలిసినవాళ్లకే ఆ చీకట్లో దాని ఆకారం కనబడుతుంది. తాడిపత్రి వచ్చిందంటే చాయ్ అరుపులతో తెలుస్తుంది. ముద్దనూరు దాటాక మాత్రం ఉన్నట్టుండి వెలుగు. రాయలసీమ థర్మల్ కేంద్రం దీపాలు. ఆ వెంటనే ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు. వాన పడని నేలకు దేవుడు సున్నపురాయి ఇచ్చాడు. తాడిపత్రి బండలు, కడప బండలు రాష్ట్రమంతా ఇళ్లలో పరుచుకున్నాయి.

అదే బండికి ముందూ వెనకా జనరల్ పెట్టెలున్నాయి. వాటిలో తలుపుల దాకా జనం. ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు ఊళ్లలో వానలు లేని ఏడు కూలిపనికి గుంటూరు మిరప చేలకు, హైదరాబాద్‌కు, బెంగళూరుకు వలసపోవడం మామూలే. వాళ్లు ఎక్కేది ఏ బండయినా ఇలాంటి పెట్టెల్లోనే. కౌంటర్లో నోటిచ్చి టిక్కెట్టు తీసుకుంటారు. ఎంత దూరం తిరిగినా వాళ్ల పేరున ఒక్క పాయింటూ పడదు. రైలుకు వాళ్లకంటే నమ్మకమైన గిరాకీ ఎవరున్నారు?

కార్డు లెక్కలో ఇంకో మెలిక ఉంది. సీమలో వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. ‘రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని. అప్పు బరువు తెలిసిన నేల ఇది. మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అని వెనక్కి తగ్గేవాళ్లు, అందంగా మెరిసే కార్డు మీద బిల్లు గడువు దాటితే పడేది నెలకు మూడున్నర రూపాయలో, ఆ పైనో అని తెలిస్తే ఏమంటారు? 200 పాయింట్ల కోసం పాతికవేలు గీకి, ఆ పాతికవేలూ ఒక్క నెల కట్టకుండా ఉంటే మూడున్నర లెక్కన వడ్డీయే 875 రూపాయలు. ఆ పైన దానిమీద జీఎస్టీ. నాలుగు స్లీపర్ టిక్కెట్లు గాల్లో కలిసినట్టే. కాబట్టి ఈ బెర్తు దక్కేది బిల్లును గడువులోగా పూర్తిగా కట్టేవాళ్లకే. పాయింట్ల కోసమని అదనంగా ఒక్క వస్తువు కొన్నా స్టీలు గిన్నె కోసం కొత్త చీర వేసినట్టవుతుంది.

ఇంకా పూర్తిగా తెల్లవారకముందే కడప. ప్లాట్‌ఫారం మీద దిగేసరికి మొహానికి చల్లగాలి. పెద్దావిడకు స్టేషన్ బయట కూతురు ఎదురొచ్చింది. ఉగాదికి రమ్మని నెలరోజుల ముందే పిలిచిందట. పండగ నాడు దేవుని కడపకు పోవాలి. ఆరోజు ఆ వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలూ కొబ్బరికాయలు పట్టుకుని రావడం అక్కడి ఆనవాయితీ. తర్వాత పెద్ద దర్గాకూ ఒకసారి. మధ్యలో కారం దోసె ఎలాగూ తప్పదు.

ఆటోలో కూర్చోగానే కొడుక్కి ఫోను.

‘దిగినాలే. బాగ నిద్ర పట్టింది. వచ్చేటప్పుటికి గూడ అట్లనే తీస్తావా?’

‘ఇంక నలభై పాయింట్లే ఉన్నాయిమా. చాలవు. ఉండు, డబ్బు కట్టి తీస్తా.’

‘వద్దులే. కౌంటర్ ఇక్కడే గదా ఉండేది. నేనే తీసుకుంటా’ అంటూ ఆవిడ కొంగుముడి తడిమి చూసుకుంది.