దోషి మాట యేమి?

నేరకథ లనిన పెద్దలు మొగము చిట్లింతురు. కాలక్షేపమునకు తప్ప అవి కొరగావని లోకాభిప్రాయము. ఈ మాట యండమూరి వీరేంద్రనాథ్ వ్రాసిన ‘అభిలాష’ నవలకు చెల్లదు. మరణశిక్ష ఉండవలెనా, పోవలెనా యను ప్రశ్నను న్యాయవాదుల గదులనుండి గృహస్థుల యింటికి తెచ్చిన నవల యది. 1983లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వమున, చిరంజీవి నాయకుడుగా అది చలనచిత్రమయ్యెను. ఇళయరాజా కూర్చిన పాటలను జనులు నేటికిని పాడుకొనుచున్నారు. కథలోని ప్రశ్న మాత్రము వారి నోట అంతగా వినబడదు.

కథానాయకుడు యువన్యాయవాది. హత్యకు మరణశిక్ష విధించు 302వ సెక్షనును తొలగింపవలెనని అతని అభిలాష. చట్టము నిర్దోషిని గూడ ఉరికంబ మెక్కింపగలదని చూపుటకై, చేయని హత్యను తానే నెత్తిన వేసికొని, శిక్షపడిన పిమ్మట నిజము బయటపెట్టుటకు పథకము పన్నును. పథకము తలక్రిందులగును, ఉరి నిజముగనే ఎదుటికి వచ్చును.

1956లో ఫ్రిట్జ్ లాంగ్ అను దర్శకుడు అమెరికాలో తీసిన ‘బియాండ్ ఎ రీజనబుల్ డౌట్’ అను చిత్రమునందును ఇట్టి పథకమే కలదు. కాని అందు తుదకు తేలున దేమన, ఆ మనుష్యుడు నిజముగనే హంతకుడు. మన చిత్రము ప్రేక్షకుని ఊరడించి పంపును; ఆ చిత్రము కలవరపరచి పంపును.

నిర్దోషిని ఉరితీయరా దనుటకు గొప్ప సంస్కారమేమియు అక్కరలేదు, కఠినాత్ముడును ఒప్పుకొనును. దోషి మాట యేమి? చిక్కంతయు అచ్చటనే యున్నది. బోయినపల్లిలో మేము పాఠము చెప్పు పిల్లలలో కొందరు ఈ చిత్రమును టెలివిజనులో చూచి, నాయకుడు బయటపడెనని సంతసించిరి. ‘అతడు నిజముగా చంపియుండినచో?’ అని అడిగితిమి. ‘ఉరి తియ్యాలె, సార్’ అని అందరు నొక్కమాటగా పలికిరి. ఒక బాలిక మాత్రము కొంత తడవూరకుండి, ‘మరి వాళ్ల అమ్మ ఏం గావాలె, సార్?’ అనెను. మేము చదివిన వాదములన్నిటికంటె ఆ ప్రశ్న మాకు బరువుగా తోచెను.

ఈ చిక్కు మన పూర్వులకు తెలియనిది కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుడు చేయని హత్యకై వధ్యస్థానమునకు నడిపింపబడును. చచ్చినదనుకొన్న వసంతసేన ప్రాణములతో వచ్చుటచే బయటపడును. ‘అభిలాష’ వంటి కథ అంతటితో ముగియును. శూద్రకుడు ముగింపలేదు. ఆమె గొంతు నులిమి, ఆ నేరమును చారుదత్తునిపై మోపినవాడు శకారుడు. వానిని చంపుడని జనులు కేకలు వేయుచుండగా, శరణుజొచ్చిన వానిని చారుదత్తుడే విడిపించును.

ఇది నాటకములకే చెల్లు నందురేమో. 1993లో చిలకలూరిపేట దగ్గర దోపిడికి పూనుకొన్న ఇద్దరు యువకులు బస్సునకు నిప్పుపెట్టగా 23 మంది మృతినొందిరి. న్యాయస్థానములు ఆ యిద్దరికిని ఉరి విధించెను. మహాశ్వేతాదేవి మున్నగువారు వారికి ప్రాణభిక్ష కోరిరి. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవముగా మార్చెను. బస్సులో కాలినవారి బంధువుల దుఃఖమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. ఆ దుఃఖము మరి యిద్దరి మరణముతో తీరునా యని మాత్రమే అడుగుచున్నాము.

1980లో బచన్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఉరిని అరుదులలోకెల్ల అరుదైన సందర్భములకే పరిమితము చేసెను. 2024 జూలై 1 నుండి 302వ సెక్షనుకు బదులు భారతీయ న్యాయ సంహితలోని 103వ సెక్షను అమలునకు వచ్చినది. అంకె మారినది గాని ఉరిత్రాడు పోలేదు. కావున పిల్లలతో గూడి ఈ చిత్రము చూచు తల్లిదండ్రులు, నాయకుడు విడుదల కాగానే లేచిపోక, దోషి సంగతి గూడ వారిని అడుగవలెనని మా మనవి. సమాధానమును మనమే అందింపవలదు. ఆలోచించుకొనుటకు వారికి వ్యవధి యిచ్చిన చాలును.