ముక్కు పైకప్పు దాకా

వాసన పోయిందని నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. “నోటికేటీ రుచి తెలీట్లేదు బాబూ” అంటూ వస్తారు. నాలుక మీద పంచదార వేస్తే తీపి అంటారు, ఉప్పు వేస్తే ఉప్పంటారు. అంటే నాలుక బాగానే ఉంది. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన కలిస్తేనే వంకాయ కూర వంకాయ కూరవుతుంది. అందుకే నోరు చూపించిన మనిషికి నేను ముక్కు చూస్తాను.

వాసన పట్టే పొర ముక్కు పైకప్పులో, మధ్య గోడకీ, పక్క గోడ నుంచి పొడుచుకొచ్చే టర్బినేట్ అనే ఎముక మడతకీ నడుమనున్న ఇరుకు సందులో ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం దాని కిందనుంచే పోతుంది. కాబట్టి ఊపిరి హాయిగా ఆడుతున్నంత మాత్రాన ముక్కు బాగున్నట్టు కాదు. చల్లని స్టీలు బద్ద ముక్కు కింద పెట్టి ఆవిరి రెండు వైపులా సమానంగా పడుతోందా చూస్తాను. తర్వాత ముక్కు తెరిచి చూసే స్పెక్యులం, ఆపైన ఎండోస్కోప్. వాసన ఆ పొర దాకా చేరట్లేదా, చేరినా పొర పట్టట్లేదా అన్నది తేల్చుకోవాలి.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక వ్యాపారి ఉన్నారు. దిమ్మ విరిచి వాసన చూసి పాకం మాడిందో లేదో చెప్పే మనిషి. ఆ నేర్పు కొన్నాళ్లుగా పోయింది. చూస్తే రెండు సందుల నిండా ఒలిచిన ద్రాక్షపండ్లలాంటి పాలిప్‌లు. ప్రోబ్‌తో తాకితే కదిలాయి, నొప్పి లేదు. టర్బినేట్ అయితే ఉలిక్కిపడేవారు. ఉబ్బసం ఉందా, నొప్పి మాత్రలు పడతాయా అని అడిగి, షుగర్ పరీక్ష చేయించి, కొద్దిరోజులకు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాను. వాసన తిరిగొచ్చింది. పొర బతికే ఉందని, దారే మూసుకుందని దాంతో రుజువైంది. తర్వాతి మాట స్ప్రేలూ, అవసరమైతే ఆపరేషనూ.

దీనికి పూర్తి విరుద్ధమైన ముక్కు ఒక పల్లె అమ్మాయిది. దగ్గర కూర్చోలేని దుర్వాసన అని తల్లి తీసుకొచ్చింది, పిల్లకి మాత్రం తెలియదు. ముక్కు దిబ్బడగా ఉందని ఆ పిల్ల ఫిర్యాదు. లోపల గుహంత ఖాళీ, టర్బినేట్లు అరిగిపోయి, గోడలకి పచ్చటి పక్కులు. అట్రోఫిక్ రైనైటిస్. ఇలాంటి ముక్కులో కుష్టు, టీబీ లేవని చూసుకోవాలి. సోడా, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజూ కడగడం నేర్పాను. ఇది శుభ్రత లేక వచ్చింది కాదని తల్లికి చెప్పడానికి మాత్రం ఎక్కువ సేపు పట్టింది.

హైవే మీద బైకు నుంచి పడి తల వెనక దెబ్బ తిన్న కుర్రాడి ముక్కు అద్దంలా ఉంది. లవంగం తెలీదు, కాఫీపొడి తెలీదు. అమ్మోనియా పెడితే మొహం తిప్పేశాడు. అమ్మోనియా ఘాటు ముఖం తాలూకు మరో నరం పసిగడుతుంది. అది కూడా తెలియడం లేదనే మనిషి నష్టపరిహారం కోసం వచ్చాడేమోనని అనుమానించాలి. ఈ కుర్రాడిది నిజమైన లోపమే. జల్లెడలాంటి ఎముక గుండా మెదడులోకి పోయే సన్నటి నరాలు ఆ అదురుకి తెగి ఉంటాయి. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రకటించిన పద్ధతిలో గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలు రోజుకి రెండుపూటలా నెలల తరబడి చూడమన్నాను. తప్పక వస్తుందని మాట ఇవ్వలేదు.

ముక్కు శుభ్రంగా ఉండి, దెబ్బా జలుబూ కోవిడ్ ఏవీ లేకపోతేనే ఎంఆర్ఐ రాస్తాను. మెదడు అడుగున గడ్డ ఉంటే అందులో బయటపడొచ్చు. వాసన పోవడమే పార్కిన్సన్స్ తొలి సూచన కూడా కావచ్చు. ముక్కులోకి తొంగిచూడకుండానే స్కాన్ చేయించుకుని ఫిల్ముతో వచ్చేవాళ్లని చూస్తుంటాను. పాలిప్ స్పెక్యులానికే కనిపించేది.

కారణం ఏదైనా అందరికీ ఒక మాట చెప్తాను. వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు, లీకు తెలియాలని మెర్‌కాప్టన్ కలుపుతారు. మీకది అందదు. రాత్రి రెగ్యులేటర్ కట్టేయండి, పాలు విరిగాయో లేదో ఇంట్లో ఇంకొకర్ని అడగండి.