గార్వీ ఊళ్లో పాటలు

కింగ్‌స్టన్, జమైకా, మంగళవారం

అన్నయ్యా,

పొద్దున కింగ్ స్ట్రీట్‌లో లిబర్టీ హాల్ చూశాను. నల్లవాళ్ల నాయకుడు మార్కస్ గార్వీ పెట్టిన సంఘానికి ఒకప్పటి కార్యస్థానం, ఇప్పుడు మ్యూజియం. లోపల తిరుగుతున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు. ఈయనా నీలాగే ప్రెస్సులో పని నేర్చినవాడు. తండ్రి తాపీ మేస్త్రీ అయినా ఇంటినిండా పుస్తకాలేనట. కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ స్థాయికి వచ్చాక, కార్మికులు సమ్మె కడితే వాళ్లవైపే నిలబడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

1914లో ఇక్కడ సంఘం పెట్టాడు. 1916లో అమెరికా వెళ్లి, హార్లెంలో ‘నీగ్రో వరల్డ్’ పత్రిక నడిపాడు. నల్లవాళ్లకు సొంత ఓడలుండాలని ఐదేసి డాలర్లకు వాటాలు అమ్మి ‘బ్లాక్ స్టార్ లైన్’ మొదలుపెట్టాడు. కొన్నవి పాత ఓడలు, మరమ్మతులకే డబ్బంతా పోయింది. వాటాల అమ్మకంలో మోసం చేశాడని 1923లో శిక్ష వేశారు. 1927లో అమెరికా నుంచి పంపేశారు. ఆ కేసులో క్షమాభిక్ష వచ్చింది 2025 జనవరిలో!

జైలుకెళ్లిన ఆ కాలంలోనే కవిత్వమూ రాశాడు. ‘ది ట్రాజెడీ ఆఫ్ వైట్ ఇన్‌జస్టిస్’ అని ఒక దీర్ఘకవిత ఉంది. నీ దగ్గర దాపరికమెందుకు, నాకు నచ్చలేదు. ప్రాస కలిసిన ఉపన్యాసం అది. మనిషి వేదిక మీది మనిషి. తిరిగొచ్చాక ఇక్కడి ఎడెల్వైస్ పార్కులో నాటకాలు వేయించాడు, తనూ కొన్ని రాశాడు. పేదజనానికి అక్కడ పాటలు, హాస్యం, వక్తృత్వ పోటీలు అన్నీ ఉండేవి.

సెయింట్ ఆన్స్ బే, గురువారం

ఇది ఆయన పుట్టిన ఊరు. 1887లో. లైబ్రరీ ముందు విగ్రహం ఉంది.

రెగ్గే గాయకుడు బర్నింగ్ స్పియర్‌దీ ఈ ఊరే. 1975లో గార్వీ పేరుతోనే ఆల్బమ్ తెచ్చాడు. బాబ్ మార్లీ పుట్టిందీ ఈ జిల్లాలోనే. గార్వీ 1937లో కెనడాలో చేసిన ప్రసంగంలోంచి మాటలు తీసుకుని మార్లీ తన ‘రిడెంప్షన్ సాంగ్’లో పెట్టాడు. చూశావా, పద్యాలు పుస్తకంలోనే ఉండిపోయాయి, వచనం పాటైంది.

ఇక్కడి రాస్తాఫారీ మతస్థులు గార్వీని ప్రవక్త అంటారు. వాళ్లు దేవుడిగా కొలిచే ఇథియోపియా చక్రవర్తిని, ఇటలీ దాడికి దేశం విడిచాడని, ఈయనే గట్టిగా విమర్శించాడు. అయినా ఇద్దరినీ కలిపే తలుస్తారు! ఘానా జెండాలోని నల్ల నక్షత్రం ఆ ఓడల కంపెనీ పేరు నుంచి వచ్చిందే. 1940లో లండన్‌లో పోయిన మనిషి అవశేషాలను 1964లో జమైకాకు తెచ్చి, ఆయన్ను తొలి జాతీయ వీరుడన్నారు.

రేపు మార్లీ ఊరు నైన్ మైల్‌కి వెళ్తాం, కొండదారి. వదినకు చెప్పు, ఇక్కడి మిరపకాయ మన గుంటూరు కారాన్ని మించిపోయిందని.

నీ చెల్లి